ఏడు సెకన్ల మాట

కిందటి వారం మనం సార్జెంట్ ఎస్తెర్ పదెర్నాల్‌ను కోర్టు మెట్ల మీద, చేతిలో సీలు వేసిన కవరుతో వదిలిపెట్టాం. ఇప్పుడే కథలోకి వచ్చినవారి కోసం రెండు మాటలు. తాబుకాన్ ఆరోగ్య కేంద్రంలో పురుళ్లు పోసే నర్సు గ్లెసీ గురువారం తెల్లవారేసరికి చేపల చెరువుల గట్టు పక్కన, మడ చెట్ల వేళ్ల మధ్య శవమై కనిపించింది. మెడ మీద వేళ్ల గుర్తులు ఉన్నాయి. ఊరంతా ఆమె భర్త బెన్హర్‌నే వేలెత్తి చూపింది. ఆ వేలు మొదట ఎత్తింది గ్లెసీ అక్క అడెల్ఫా టీచర్. చావుకు ముందురోజు, మంగళవారం, చెల్లెలు తనకు ఫోన్ చేసి, మొగుడు చంపేస్తానంటున్నాడని ఏడ్చిందనీ, చనిపోయిన బుధవారం మాత్రం అసలు ఫోనే చెయ్యలేదనీ ఆమె వాంగ్మూలం ఇచ్చింది. దాని మీదే పోలీసు స్టేషన్ అధికారి మేజర్ ఫౌస్తో సోమవారం సాయంత్రం బెన్హర్‌ను లాకప్‌లో వేశాడు.

ఎస్తెర్ ఒక్కతే ఆ మాట నమ్మకుండా శుక్రవారమే జడ్జి దగ్గరికి వెళ్లింది. భార్యాభర్తలిద్దరి ఫోన్లకూ నెల రోజుల వివరాలు అడిగింది. జడ్జిగారు అర్జీలో ఒక వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. "ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద. అంతవరకే ఇస్తాను. ఏం రాసుకున్నారో, ఏం చెప్పుకున్నారో వద్దు. పోయినవాళ్లకి కూడా గుట్టుంటుంది సార్జెంట్," అన్నారు.

ఆ కవరును ఎస్తెర్ ఈ మంగళవారం ఉదయం మేజర్ బల్ల ముందే తెరిచింది.

"చూడండి సార్. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి గురువారం పొద్దున ఏడు దాకా బెన్హర్ ఫోను గిమారస్ దీవి టవర్ కిందే ఉంది. పడవ ఇంజను బాగుచెయ్యడానికి వెళ్లానని అతను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నాడు."

మేజర్ ఫౌస్తో పుల్లకు గుచ్చిన వేయించిన అరటిపండు కొరికి, తీరిగ్గా నమిలాడు. "మన ఒడ్డున నిలబడ్డా ఒక్కోసారి గిమారస్ టవరే తగులుకుంటుంది. మా ఆవిడ ఫోనూ అంతే."

"ఇది మనవైపు టవర్ కాదు సార్. దీవికి అవతలి ఒడ్డుది. మధ్యలో కొండ అడ్డం ఉంది."

"ఫోను పడవెక్కిందే అనుకో. మనిషి కూడా ఎక్కాడని రాసుందా అందులో? పక్కింటోడికిచ్చి పంపినా ఇలాగే చూపిస్తుంది." పుల్లతో కాగితాన్ని పొడిచాడు. "సొంత వదిన చెబుతోంది వాడే చంపాడని. టీచరు చెప్పినదాన్ని టవరు కాదంటుందా?"

"టీచరు చెప్పిందే అబద్ధం సార్. పోయిన మంగళవారం గ్లెసీ ఆవిడకి ఫోన్ చెయ్యలేదు. నెల మొత్తంలో అక్కాచెల్లెళ్ల మధ్య ఒక్క కాల్ కూడా లేదు. ఒక్క బుధవారం తప్ప. ఆ రోజు మాత్రం పదకొండు."

మేజర్ నమలడం ఆపాడు. కాగితం లాక్కుని చూశాడు. చూసి, మళ్లీ తోసేశాడు.

"రేపు పదింటికి ప్రాసిక్యూటర్ ముందు ఫైలు పెడుతున్నా. నీకంత దురదగా ఉంటే చావింటికి వెళ్లు. ఏడుస్తున్నదాని ముందు ఈ లెక్కలు చదువు. తప్పు చెప్పానని ఆవిడ తన నోటితో అని, సంతకం పెడితే పట్టుకురా. లేకపోతే ఈ కాగితం అరటిపండ్ల పొట్లానికి పనికొస్తుంది."

బయటికి వెళ్లాలంటే లాకప్ ముందు నుంచే దారి. బెన్హర్ గోడకు చేరగిలబడి, ఎడమచేతిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతి రెండు వేళ్లు వంకాయల్లా ఉబ్బి నల్లబడ్డాయి. ఎవరు చేశారని ఎస్తెర్ అడగలేదు. అడిగితే జవాబు ఈ గోడల మధ్యే తిరుగుతుందని ఆమెకు తెలుసు.

"మేడమ్, గ్లెసీని ఎప్పుడు పూడుస్తారు?" అన్నాడతను. "సంకెళ్లతోనైనా సరే, ఒక్కసారి తీసుకెళ్తారా? దూరం నుంచే చూస్తా."

"నేను తిరిగొచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు," అని ఎస్తెర్ వెళ్లిపోయింది. అంతకంటే మెత్తటి మాట ఆ పూట ఆమెకు దొరకలేదు.

* * *

చావింటి వాకిట్లో టార్పాలిన్ కింద రెండు బల్లల మీద, ఆ ఊరి చావిళ్ల ఆనవాయితీ ప్రకారం, పేకాట సాగుతోంది. లోపల ముందుగదిలో ఇంకో బల్ల. ఎటు చూసినా బిస్కెట్ డబ్బాలు, కాఫీ గ్లాసులు. గ్లెసీని ఉంచిన తెల్ల పెట్టె అద్దం మీద ఒక కోడిపిల్ల బియ్యం గింజలు పొడుచుకు తింటోంది. అది పొడిచే ప్రతి పోటూ చంపినవాడి గుండెలో దిగుతుందని అక్కడ అందరికీ తెలుసు. ఆ గింజలు రోజూ తన చేత్తో చల్లుతున్నది అడెల్ఫాయే.

పెట్టె తలవైపు ఆమె తల్లి కన్సోర్సియా జపమాలతో కూర్చుని ఉంది. డెబ్భై ఒక్కేళ్ల మనిషి. చెవులు సరిగా వినపడవని వచ్చినవాళ్లంతా ఆమె దగ్గర గొంతు పెంచి పరామర్శిస్తున్నారు.

ఎస్తెర్ గుమ్మంలో అడుగు పెట్టగానే అడెల్ఫా లేచింది. నల్లబట్టల్లో కూడా బడి గంట కొట్టబోతున్నట్టే నిటారుగా ఉంది.

"చావింటికి యూనిఫామ్‌లో వచ్చావేం ఎస్తెర్?"

"మీతో రెండు మాటలు మాట్లాడాలి టీచర్. వంటింట్లోకి వస్తారా?"

"వంటింట్లో ఏముంది? మా ఇంట్లో దాపరికాల్లేవు. ఏదడిగినా ఇక్కడే అడుగు, నలుగురూ వింటారు." పేకాట బల్ల వైపు తిరిగింది. "ఇది నా దగ్గరే చదివింది. ఎనిమిదో ఎక్కం రాక ఏడాదంతా బెంచీ ఎక్కి నిలబడింది. ఇప్పుడు నాకు లెక్కలు చెప్పడానికొచ్చింది."

పేకముక్కల వెనక నవ్వులు పుట్టాయి. ఎస్తెర్ చెవులు కాలాయి. ఇరవై ఏళ్ల కింద బెంచీ మీద నిలబడ్డప్పుడు కూడా ఇలాగే కాలాయి. వంటింట్లోకి రమ్మని ఇంకోసారి అడగవచ్చు. గట్టిగా చెప్పి తీసుకెళ్లవచ్చు కూడా. ఆ నవ్వు వినకపోతే అలాగే చేసేదేమో. తర్వాత చాలా రోజులు ఆమెను తిన్న ప్రశ్న అదే.

"సరే టీచర్. ఇక్కడే చదువుతా." మడత విప్పింది. "ఇది కోర్టు ఇప్పించిన కాగితం. బుధవారం గ్లెసీ ఫోన్ నుంచి మీ నంబరుకి చేసిన కాల్స్. నాలుగూ పన్నెండు, ఎత్తలేదు. నాలుగూ పదమూడు, ఎత్తలేదు. నాలుగూ ఇరవై, ఎత్తలేదు..."

"ఆగు. నా ఫోన్ చూడమని కోర్టు చెప్పిందా నీకు?"

"లేదు. మీ ఫోన్లో ఏముందో నాకు తెలీదు, తెలుసుకునే హక్కూ లేదు. ఇది చనిపోయినామె ఫోను. అవతల ఉన్నది మీ నంబరు, అంతే. నాలుగూ నలభై ఐదు, ఎత్తలేదు. ఐదూ రెండు, ఎత్తలేదు..."

ఒక్కటీ వదలకుండా చదివింది. నాలుగో కాల్ దగ్గరే నవ్వులు ఆగిపోయాయి. పదో కాల్ వచ్చేసరికి పేకముక్క కింద పెట్టే చప్పుడు కూడా లేదు.

"బళ్లో పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నా," అంది అడెల్ఫా. "ఫోను సంచిలో ఉంది. చప్పుడు రాకుండా పెట్టుకుంటా. తప్పా?"

"తప్పు కాదు. పదిసార్లూ సంచిలోనే ఉందనుకుందాం. పదకొండోది ఐదూ ముప్ఫై ఎనిమిదికి. ఎత్తారు. ఏడు సెకన్లు."

"ఏదో తగిలి దానంతటదే ఎత్తుకుని ఉంటుంది."

బల్ల దగ్గర ఎవరో ఆమెను వెనకేసుకొచ్చారు. "ఏడు సెకన్లంటే ఎంతమ్మా, ఓ తుమ్ము తుమ్మితే అయిపోద్ది. దానికింత రాద్ధాంతమా?"

"ఎంతో చూద్దాం," అని ఎస్తెర్ గోడ గడియారం వైపు చెయ్యి చూపించి ఊరుకుంది.

ముల్లు కదిలింది. గదిలో అందరూ దాన్నే చూశారు. అద్దం మీద కోడిపిల్ల ముక్కు టక్కుటక్కుమంటోంది. ఏడో గీత దాటేసరికి తుమ్ము మాట అన్నవాడు తల దించుకున్నాడు. ఒక మనిషి తన ప్రాణం గురించి చెప్పుకోడానికి అది చాలా ఎక్కువ సమయమని అందరికీ అర్థమైంది.

"ఏమంటోంది ఆ పోలీసు పిల్ల?" అని ముసలమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా," అని అడెల్ఫా గొంతు పెంచి చెప్పింది. "నువ్వు జపం చేసుకో."

"గ్లెసీ నీకు ఫోన్ చేసిందా?"

అడెల్ఫా జపమాలను తల్లి వేళ్ల మధ్య సర్దబోయింది.

"నిన్నే. నా కూతురు పదకొండుసార్లు ఫోన్ చేసిందా లేదా?"

"చేసింది." ఆ మాటతో అడెల్ఫా వీపు మొదటిసారి వంగింది. "మూణ్ణెల్ల నుంచి మాకు మాటల్లేవని నీకు తెలుసు కదమ్మా! బళ్లో పిల్లలకి పెట్టిన తిండి పాచిపోయిందని పైకి రాసి పంపిందెవరు? అది కాదూ? పదిహేనేళ్లు ఎదురుచూసిన హెడ్‌మాస్టర్ పదవి నా చేతిదాకా వచ్చి పోయింది. ఇంకెవరైనా రాసుంటే ఊరుకుందును. సొంత చెల్లెలు!"

"పిల్లలకి వాంతులయ్యాయి కదా టీచర్," అంది ఎస్తెర్.

"నాకు ముందు చెప్పొచ్చు కదా! అక్కా, ఇలా అయిందీ అని ఒక్క మాట!" ఆమె గొంతు కీచుమంది. "అందుకే ఎత్తలేదు. కాళ్లబేరానికి వచ్చింది, ఇంకాసేపు కొట్టుకోనీ అనుకున్నా. తెరమీద దాని పేరు వెలుగుతుంటే చూస్తూ కూర్చున్నా. సంచిలో లేదు. బల్ల మీదే ఉంది."



"ఎత్తినప్పుడు గ్లెసీ ఏమంది?"

"'అక్కా, గట్టు మీదున్నా, ఎవర్నైనా పంపు, వాడు నా వెనకే వస్తున్నాడు' అంది."

"వాడు అంటే? బెన్హర్ అందా?"

"వాడు అంది. అంతే."

"మరి బెన్హర్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మేజర్‌గారే అడిగారు, మొగుడై ఉంటాడా అని. అయి ఉంటాడన్నా. అసలు వాడంటే నాకు మొదట్నుంచీ పడదు." అడెల్ఫా ముఖం తుడుచుకుంది. "అయి ఉంటాడన్నది కాగితంలోకెక్కేసరికి వాడే అయ్యింది. అప్పుడు కాదంటే, మరి నీకెలా తెలుసంటారు కదా. ఫోన్ మాట బయటికొస్తుంది కదా. అందుకే మంగళవారం చేసిందని చెప్పా."

"మీరేమన్నారు టీచర్, ఆ ఏడు సెకన్లలో?"

అడెల్ఫా పెట్టె వైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట గుసగుసగా వచ్చింది. దగ్గరున్న ఎస్తెర్‌కు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఏంటీ?" అంది కన్సోర్సియా. "నాకు వినపళ్లా. గట్టిగా చెప్పు."

"అమ్మా, వద్దు..."

"గట్టిగా చెప్పు."

"'చచ్చాక కబురు చెయ్యి, వస్తా' అన్నా."

"ఇంకొంచెం గట్టిగా. ముసలిదాన్ని, చెవులు పనిచెయ్యవు."

అడెల్ఫా కళ్లు మూసుకుంది. ముప్ఫై ఏళ్లు వెనకబెంచీ దాకా పాఠం వినిపించిన గొంతు అది. ఆ గొంతుతోనే అరిచింది. "చచ్చాక కబురు చెయ్యి, వస్తా! అన్నానమ్మా! అని పెట్టేశా!"

వాకిట్లో పేకాట కూడా ఆగిపోయింది. టార్పాలిన్ కింద నుంచి తలలు లోపలికి తిరిగాయి.

ముసలమ్మ జపమాలలో ఒక పూస జరిపింది. "మొదటిసారే వినపడింది," అంది మామూలు గొంతుతో. "నీ చెవిన నువ్వు మూడుసార్లు వినాలని అడిగా. కబురొచ్చింది. వచ్చావుగా."

అడెల్ఫా మోకాళ్ల మీద కూలబడి పెట్టె అంచు పట్టుకోబోయింది. తల్లి ఆ చేతిని మెల్లగా, పళ్లెం మీద వాలిన ఈగను తోలినట్టు తీసేసింది.

సంతకం పని పావుగంటలో అయిపోయింది. ఎస్తెర్ రాసింది, అడెల్ఫా చదవకుండానే పెట్టింది. తన విద్యార్థులు పెన్ను వంకరగా పట్టుకుంటే వేళ్ల మీద కొట్టే మనిషి, పెన్ను పట్టుకోబోయి రెండుసార్లు జార్చుకుంది. ఎస్తెర్‌కు దక్కాల్సింది దక్కింది. రేపు పదింటిలోపు మేజర్ బల్ల మీద పడెయ్యడానికి ఇది చాలు. కానీ గెలిచినట్టు అనిపించలేదు. కాగితం చదువుతున్నంతసేపూ లోపలెక్కడో తీపిగా ఉండిందని ఒప్పుకోడానికి ఆమెకు సిగ్గేసింది.

"చీకటి పడకముందే వెళ్లు," అంది కన్సోర్సియా పెద్దకూతురితో.

"ఎక్కడికమ్మా? రాత్రుళ్లు దాని పక్కన కూర్చోవద్దూ?"

"ఇంటివాళ్లం మేం కూర్చుంటాం. చావింటికొచ్చిన చుట్టాన్ని సాగనంపకూడదంటారు. అందుకే గుమ్మం దాకా రావట్లా. ఏమనుకోకు."

కన్నకూతుర్ని నలుగురి ముందు చుట్టాన్ని చేసేసింది. అడెల్ఫా చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వాకిలి దాటింది. ఆమె వెనకే గదిలోని జనం ఒక్కొక్కరూ బల్లతో సహా వాకిట్లోకి జారుకున్నారు.

* * *

ఎస్తెర్ కూడా బయల్దేరబోతుంటే ఆమె ఫోన్ మోగింది. కవరు పంపిన టెలిఫోన్ కంపెనీ నుంచి రెండో భాగం వచ్చింది. జాబితాలో ఉన్న నంబర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా చెప్పమని కోర్టు ఆదేశంలో ఉంది. ఆ పేర్లు తర్వాత పంపుతామని కంపెనీవాళ్లు ముందే అన్నారు.

ఎస్తెర్ ఆ గదిలో చదవని వరుస ఒకటుంది. ఏడు సెకన్ల కాల్ తర్వాత మూడు నిమిషాలకు, ఐదూ నలభై ఒకటికి, గ్లెసీ ఇంకో నంబరుకు చేసింది. వాళ్లు ఎత్తారు. నాలుగు నిమిషాల పది సెకన్లు. ఆ తర్వాత ఆ ఫోన్ నుంచి ఎవరికీ కాల్ వెళ్లలేదు. అవతల ఉన్నది హంతకుడి గొంతో, సాక్షి గొంతో తెలియక ఆ వరుసను ఆమె మడతలోనే దాచింది.

ఇప్పుడు ఆ నంబరు పక్కన పేరుంది. ఎస్తెర్ రెండుసార్లు చదివింది. వయసు చూసింది. చిరునామా చూసింది. తాను నిలబడి ఉన్న గుమ్మమే ఆ చిరునామా.

వెనక్కి తిరిగి గదిలోకి వచ్చింది. ముసలమ్మ జపం ఆపలేదు.

"అమ్మా, మీ పేరు మీద ఫోన్ నంబరు ఒకటుందట."

కన్సోర్సియా చెబుతున్న ప్రార్థన చివరిదాకా చెప్పింది. పూస వదిలింది. "ఉంది."

"అది ఎవరి దగ్గరుంది?"

ముసలమ్మ నడుముకు పిన్నుతో గుచ్చుకున్న సంచి విప్పి, చిన్న బొత్తాల ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఇది గ్లెసీ కొనిచ్చింది. దానికి తప్ప ఎవరికీ తెలీదు. చెవికి ఆనించుకుంటే బాగానే వినపడుద్ది."

ఎస్తెర్ మడతలో దాచిన వరుస విప్పింది. "బుధవారం ఐదూ నలభై ఒకటికి..."

"నాలుగు నిమిషాలు మాట్లాడాం."

"ఆరు రోజులైందమ్మా! మీ అల్లుణ్ణి లాకప్‌లో పెట్టారు. రెండు వేళ్లు విరిచారు. తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసీ నోరు విప్పలేదా?"

"మేం ఏం మాట్లాడుకున్నామో నీ కాగితంలో రాయలేదు కదూ?" అని అడిగింది ముసలమ్మ.

"లేదు. కోర్టు అంతవరకే ఇచ్చింది."

"మంచి కోర్టు." కన్సోర్సియా కిటికీలోంచి వాకిట్లోకి చూసింది. టార్పాలిన్ కింద మళ్లీ పేకముక్కలు పంచుతున్నారు. ఎవరో నవ్వారు. "ముందు ఆ తలుపు వెయ్యి. మెల్లగా, చప్పుడవకుండా. గ్లెసీ చెప్పినవాడు రోజూ ఈ వాకిట్లోనే ఉంటున్నాడు. ఇంకా ఆడుతూనే ఉన్నాడు."